మతబోధ, బాలల మనస్తత్వం

మతవిద్య రెండు విధాలు. ఒక సంప్రదాయంలో పుట్టిన బిడ్డను ఆ సంప్రదాయపు ప్రార్థనలు, కథలు, ఆచారాలు, నియమాల మధ్య పెంచడం మొదటిది. వేద పాఠశాల, మదరసా, సండే స్కూల్, ఇంట్లో నాయనమ్మ చెప్పే ప్రహ్లాదుడి కథ ఈ కోవలోకి వస్తాయి. వేర్వేరు మతాలవారు ఏమి నమ్ముతారో, ఎలా జీవిస్తారో బడిలో ఒక పాఠ్యాంశంగా చెప్పడం రెండోది. మొదటిదాని లక్ష్యం విశ్వాసం, రెండోదాని లక్ష్యం అవగాహన. లక్ష్యాలు వేరైనా రెండింటినీ అందుకోవలసింది పిల్లల మనసే. ఆ మనసు ఏ వయసులో దేన్ని ఎలా అర్థం చేసుకుంటుంది, దేనికి భయపడుతుంది, దేన్ని చివరిదాకా నిలుపుకుంటుంది అన్న ప్రశ్నలు మనస్తత్వశాస్త్రానికి చెందినవి. దేవుడున్నాడా, ఏ గ్రంథం సత్యం అన్న ప్రశ్నలు ఆ శాస్త్రం పరిధిలోనివి కావు. ఎలా నేర్పాలో చెప్పడానికి మనస్తత్వశాస్త్రానికి అధికారం ఉంది. ఏది నమ్మాలో చెప్పడానికి లేదు. గత నూట యాభై ఏళ్ళకు పైగా మతబోధకూ మనస్తత్వశాస్త్రానికీ ఉన్న సంబంధం ఈ హద్దు చుట్టూనే నడిచింది.

తొలి అడుగులు

19వ శతాబ్దపు అమెరికా ప్రొటెస్టంట్ సంఘాల్లో ఒక అభిప్రాయం బలంగా ఉండేది. మనిషి పాపిగా పుడతాడు, ఎదిగాక ఒకనాడు పశ్చాత్తాపపడి మారుమనసు పొందుతాడు, అప్పుడే నిజమైన విశ్వాసి అవుతాడు. అలాగైతే అంతవరకు ఆ సంఘంలో పసిబిడ్డ స్థానమేమిటి? హార్ట్‌ఫర్డ్‌లో పాస్టరుగా పనిచేసిన హొరేస్ బుష్నెల్ 1847లో వెలువడిన ‘క్రిస్టియన్ నర్చర్’లో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నాడు. బిడ్డ తనను తాను మొదటినుంచీ క్రైస్తవుడిగానే ఎరిగి పెరగాలనీ, ఇంటి వాతావరణమే తొలి బోధ అనీ ఆయన వాదించాడు. ప్రయోగశాలల మనస్తత్వశాస్త్రం అప్పటికింకా పుట్టలేదు. అయినా ఎదుగుదల అనే భావన ఆయన వాదంతో మతబోధలోకి ప్రవేశించింది.

ఆ తర్వాతి తరంలో ఈ భావనకు పరిశోధన తోడైంది. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘాన్ని 1892లో స్థాపించిన జి. స్టాన్లీ హాల్ 1904లో ‘అడాలసెన్స్’ అనే పెద్ద గ్రంథం వెలువరించి, మతభావం బలంగా మేల్కొనే కాలం కౌమారమని వివరించాడు. ఎడ్విన్ స్టార్‌బక్ ప్రశ్నావళులు పంపి, మారుమనసు పొందినవారి అనుభవాలను, ఆ మలుపు లేకుండానే క్రమంగా భక్తిలో ఎదిగినవారి అనుభవాలను సేకరించాడు. ఆయన 1899లో ప్రచురించిన ‘ది సైకాలజీ ఆఫ్ రెలిజియన్’ ప్రకారం మారుమనసు ప్రధానంగా కౌమారంలో కలిగే ఘటన. విలియం జేమ్స్ ఎడింబరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1902లో ‘ది వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్’గా వచ్చాయి. ఒక అనుభవం ఎలా పుట్టిందో చెప్పినంత మాత్రాన దాని విలువ తేలిపోదని జేమ్స్ అందులో చేసిన హెచ్చరిక ఈ రంగానికి నేటికీ ఆధారం. 1903లో షికాగోలో రెలిజియస్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ ఏర్పడింది. అందులో ప్రముఖుడైన జార్జి ఆల్బర్ట్ కో, వచనాలు కంఠస్థం చేయించడంతో సరిపెట్టే సండే స్కూళ్ళను విమర్శించి, పిల్లలు కలిసి జీవిస్తూ నేర్చుకోవాలని బోధించాడు.

ఫ్రాయిడ్, ఫిస్టర్

మతబోధకూ మనస్తత్వశాస్త్రానికీ కుదిరిన ఈ సఖ్యతకు ఎదురుగా నిలిచినవాడు సిగ్మండ్ ఫ్రాయిడ్. నిస్సహాయుడైన మనిషి తన రక్షణ కోసం తండ్రి రూపాన్ని ఆకాశానికి ఎత్తి దేవుణ్ణి చేసుకున్నాడని 1927లో ‘ది ఫ్యూచర్ ఆఫ్ ఏన్ ఇల్యూజన్’లో రాశాడు. ప్రశ్నించే శక్తి ఇంకా మొలకెత్తని వయసులోనే సిద్ధాంతాలు ఎక్కించడం వల్ల పిల్లల బుద్ధి కుంటుపడుతుందనీ, మతం లేని చదువును ఒకసారి ప్రయత్నించి చూడాలనీ కోరాడు. దానికి మరుసటి ఏడే జవాబిచ్చిన ఓస్కర్ ఫిస్టర్ జ్యూరిక్‌లో పాస్టరు, స్వయంగా మనోవిశ్లేషకుడు, ఫ్రాయిడ్‌కు దీర్ఘకాల మిత్రుడు. భయంతో, అణచివేతతో నడిచే మతం మనసును రోగగ్రస్తం చేస్తుందని ఫిస్టర్ ఒప్పుకున్నాడు. ప్రేమను విడుదల చేసే మతం అదే మనసును బాగుచేస్తుందన్నది ఆయన అనుభవం. మతం మంచిదా చెడ్డదా అన్న వాదం వారిద్దరి మధ్య తేలలేదు. అయితే బోధనకు పనికొచ్చే మరో ప్రశ్నను ఫిస్టర్ ముందుకు తెచ్చాడు: ఎలాంటి మతబోధ ఎలాంటి మనసును తయారుచేస్తుంది?

పసివాడి తర్కం

పిల్లల ఆలోచన పెద్దల ఆలోచనకు చిన్న నమూనా కాదనీ, దానికి తనదైన తర్కం ఉందనీ స్థాపించినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే. పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక దశలు తెలుగునాట ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివారికీ పరిచితమే. సూర్యుడికి, గాలికి ప్రాణముందనుకునే సర్వాత్మవాదం, కొండలను, నదులను ఎవరో తయారుచేసి పెట్టారనుకునే ధోరణి చిన్నపిల్లల్లో సహజంగా కనిపిస్తాయని ఆయన గమనించాడు.

1932 నాటి నైతిక వికాస గ్రంథంలో ఆయన చూపిన ఒక అంశం మతబోధకులకు మరీ ముఖ్యం. దొంగతనం చేసి పారిపోతున్న పిల్లవాడి కాళ్ళ కింద పాత వంతెన విరిగిపడిందన్న కథ చెప్పి, దొంగతనం చేయకపోయినా అది విరిగేదా అని అడిగితే, చిన్నపిల్లల్లో ఎక్కువమంది దొంగతనం వల్లే విరిగిందన్నారు. వయసు పెరిగేకొద్దీ ఈ నమ్మకం తగ్గింది. తప్పుకు శిక్షను ప్రకృతే వేస్తుందని పసివాళ్ళు ఎవరూ చెప్పకముందే అనుకుంటారన్నమాట. ఆ వయసులో కర్మఫలం గురించో, దైవశిక్ష గురించో అజాగ్రత్తగా చెబితే, తల్లికి జబ్బు చేసినప్పుడు ‘నా తప్పు వల్లే’ అని బిడ్డ లోలోపల కుమిలిపోయే ప్రమాదం ఉంది. పిల్లలు దాన్ని పైకి చెప్పరు కాబట్టి చెప్పేవారే ముందు మేలుకోవాలి.

గోల్డ్‌మన్ పరిశోధన, దాని పర్యవసానం

పియాజే దశలను నేరుగా మతవిద్యకు అన్వయించి, ఒక దేశపు పాఠ్యప్రణాళికనే కదిలించినవాడు ఇంగ్లండ్‌కు చెందిన రోనాల్డ్ గోల్డ్‌మన్. 1944 విద్యాచట్టం ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో మతబోధను, రోజువారీ సామూహిక ప్రార్థనను తప్పనిసరి చేసింది. రెండు దశాబ్దాల పాటు పిల్లలకు బైబిల్ కథలు విస్తారంగా చెప్పారు. వారికి ఏమి అర్థమైందో తెలుసుకోవడానికి గోల్డ్‌మన్ సుమారు 200 మంది విద్యార్థులతో విడివిడిగా మాట్లాడాడు. కొన్ని బొమ్మలు చూపాడు. మండుతున్న పొద దగ్గర మోషే, ఎర్రసముద్రాన్ని దాటడం, యేసుకు ఎదురైన శోధనలు అనే మూడు కథలు వినిపించి ప్రశ్నలడిగాడు. ఫలితాలు 1964లో ‘రెలిజియస్ థింకింగ్ ఫ్రమ్ చైల్డ్‌హుడ్ టు అడాలసెన్స్’గా వచ్చాయి.

దేవునివైపు చూడడానికి మోషే ఎందుకు భయపడ్డాడన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో మూడు అంచెలు కనిపించాయి. బాగా చిన్నవాళ్ళు కథతో సంబంధం లేని ఏదో ఒక వివరాన్ని పట్టుకున్నారు. నడిమి వయసువారు మంట కాలుతుందనో, వెలుగుకు కళ్ళు చెదురుతాయనో భౌతిక కారణం చెప్పారు. పెద్దవాళ్ళు పవిత్రత ఎదుట మనిషికి కలిగే జంకును గుర్తించగలిగారు. ఈ మూడో స్థాయి ఆలోచన సుమారు 13, 14 ఏళ్ళకు గాని రావడం లేదనీ, మిగతా విషయాల్లో కన్నా మతవిషయాల్లో అది ఆలస్యమవుతోందనీ ఆయన తేల్చాడు. పెద్దల కోసం పుట్టిన గ్రంథాన్ని సిద్ధంగా లేని మనసులకు అందిస్తే వక్రమైన అర్థాలు పాతుకుపోతాయనీ, కౌమారంలో అవి బాల్యపు కట్టుకథలుగా తోచి మతాన్నే తోసిపుచ్చేలా చేస్తాయనీ ఆయన వాదం. ప్రాథమిక తరగతుల్లో లేఖనాల బదులు రొట్టె, వెలుగు, గొర్రెల కాపరి వంటి అనుభవానికి అందే అంశాలతో మొదలుపెట్టాలని 1965లో ‘రెడీనెస్ ఫర్ రెలిజియన్’లో సూచించాడు. 1966లో వెస్ట్ రైడింగ్ ప్రాంతం రూపొందించిన పాఠ్యప్రణాళికలో ఈ ఆలోచనల ముద్ర స్పష్టంగా పడింది.

విమర్శలూ అంతే బలంగా వచ్చాయి. అక్షరార్థాన్ని వదిలి సంకేతార్థాన్ని పట్టుకోవడమే పరిపక్వత అని గోల్డ్‌మన్ ముందే నిర్ణయించుకున్నాడనీ, అది మనస్తత్వశాస్త్రం ఇచ్చిన తీర్పు కాదనీ, ఆయన సొంత ఉదారవాద వేదాంతమనీ విమర్శకులు ఎత్తిచూపారు. కథను అర్థం చేసుకోవడమంటే దాని తాత్పర్యాన్ని మాటల్లో చెప్పగలగడం మాత్రమేనా అన్నది రెండో ప్రశ్న. నరసింహుడు అంత సన్నటి స్తంభంలో ఎలా పట్టాడని అయిదేళ్ళ బిడ్డ అడగవచ్చు. ఆ ప్రశ్నతోపాటే, ఎంత బలవంతుడు హింసించినా ప్రహ్లాదుడు ఒంటరివాడు కాడన్న ధైర్యం ఆ బిడ్డ మనసులో చేరుతుంది. బుద్ధి ఆ కథను విప్పేలోగా ఊహ దాన్ని తనదిగా చేసుకుంటుంది. గోల్డ్‌మన్ బుద్ధిని కొలిచాడు, ఊహను కొలవలేదు. పిల్లలు ఎలా పొరబడతారో ఆయన చూపింది విలువైన జ్ఞానమే. దాని ఆధారంగా కథలను ఆపేయాలన్న నిర్ణయం మాత్రం ఆ పరిశోధన మోయగలిగిన బరువుకు మించింది.

తర్వాతి ప్రయోగాలు

పసివాడికి దేవుడంటే పెద్ద సైజు మనిషే అన్న అభిప్రాయాన్ని కొత్త తరం పరిశోధకులు పరీక్షించారు. 2001లో జస్టిన్ బారెట్, ఆయన సహచరులు బిస్కెట్ల డబ్బాలో రాళ్ళు పెట్టి పిల్లలకు చూపించి, డబ్బా మూసి, లోపల ఏముందని మీ అమ్మ అనుకుంటుంది, దేవుడు ఏమనుకుంటాడు అని అడిగారు. అయిదారేళ్ళ పిల్లల్లో ఎక్కువమంది అమ్మ బిస్కెట్లే అనుకుంటుందనీ, దేవుడికి మాత్రం రాళ్ళని తెలుసనీ చెప్పారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో కొందరు నాలుగేళ్ళ పిల్లలు దేవుడు కూడా పొరబడతాడన్నట్టు జవాబివ్వడంతో చర్చ కొనసాగుతోంది. అయినా పసితనంలోనే మానవాతీతమైన జ్ఞానాన్ని ఊహించడం సాధ్యమేనని ఈ పరిశోధనలు తెలిపాయి.

కంటికి కనిపించనివాటిని పిల్లలు ఎందుకు నమ్ముతారో పాల్ హారిస్ పరిశీలించాడు. సూక్ష్మక్రిములను ఏ పిల్లవాడూ చూడలేదు, దేవుణ్ణీ చూడలేదు. రెండూ ఉన్నాయని పెద్దల మాట మీదే నమ్ముతాడు. పెద్దలు ఏ విషయాన్ని ఎంత సహజంగా, ఎంత నిస్సందేహంగా ప్రస్తావిస్తారో పిల్లలు పసిగడతారు. అందువల్ల మతబోధ పాఠంగా మొదలయ్యేలోపే ఇంటి మాటల్లో చాలావరకు జరిగిపోతుంది. పెద్దల మాటపై పిల్లలు ఉంచే ఈ విశ్వాసం పెద్దల చేతిలో పెట్టిన సొమ్ము లాంటిది. దాన్ని వాడుకునే హక్కు కన్నా కాపాడే బాధ్యత పెద్దది.

నమ్మకం, భయం

దైవభావన బుద్ధితో మాత్రమే ఏర్పడదు. శిశువు తొలి ఏడాదిలో తల్లి సంరక్షణ వల్ల లోకంపై మౌలికమైన నమ్మకం పెంచుకుంటుందనీ, మతాలు తరతరాలుగా ఆ నమ్మకాన్ని నిలబెడుతూ వచ్చాయనీ ఎరిక్ ఎరిక్సన్ 1950లో రాశాడు. తల్లిదండ్రులతో గడిచిన అనుభవాల నుంచి బిడ్డ మనసులో ఒక దైవరూపం ఏర్పడుతుందనీ, బోధకుడు చెప్పే దేవుడు ఆ రూపాన్ని కలుసుకోవలసిందేననీ 1979లో అనా-మరియా రిజ్జూటో చూపింది. 1990లో లీ కర్క్‌పాట్రిక్, ఫిలిప్ షేవర్ అనుబంధ సిద్ధాంతాన్ని మతానికి అన్వయించారు. ఆపదలో బిడ్డ తల్లిని ఆశ్రయించినట్టే భక్తుడు దేవుణ్ణి ఆశ్రయిస్తాడని ఆ పరిశోధన సారం. అందుకే దయగల దేవుడి గురించి చెబుతూ బెత్తంతో కొట్టే గురువు దగ్గర పిల్లలు నేర్చుకునేది బెత్తాన్నే.

తెలుగు ఇళ్ళలో ‘కళ్ళు పోతాయి, లెంపలేసుకో’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. నరకవర్ణనలతో పిల్లలను బెదిరించడం అన్ని మతాల్లోనూ ఉంది. చిన్నవయసులో మంచిచెడులను శిక్ష, బహుమతులతో కొలిచే దశను మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ పూర్వ సాంప్రదాయ స్థాయి అన్నాడు. ఆ స్థాయిలో ఉన్న బిడ్డకు భయం వెంటనే పనిచేస్తుంది. అందుకే అది బోధకులకు సులువైన దారి. కానీ భయం మీద కట్టిన నీతి ఆ మెట్టు దాటదు. శిక్ష పడదని తెలిసిన రోజున నీతి కూడా పోతుంది, లేదా భయం మాత్రమే మిగిలి పెద్దయ్యాక కూడా వెంటాడుతుంది.

కంఠపాఠం, గ్రహింపు

మతవిద్యలో పాతపద్ధతి కంఠపాఠం. వేదపాఠశాలల్లో సంహిత, పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒకే మంత్రాన్ని మాటలు ముందువెనుకలుగా అల్లి వల్లిస్తారు. మదరసాల్లో ఖురాన్‌ను మొత్తంగా కంఠస్థం చేసి హాఫిజ్‌లవుతారు. విరామాలిస్తూ మళ్ళీమళ్ళీ వల్లించడం, లయ, గురువుతో స్వరం కలపడం జ్ఞాపకాన్ని బలపరుస్తాయని ఆధునిక పరిశోధన కూడా అంగీకరిస్తుంది. దీర్ఘకాలం శుక్ల యజుర్వేదం అభ్యసించిన పండితుల మెదళ్ళను ఇతరుల మెదళ్ళతో పోల్చి 2016లో జేమ్స్ హార్ట్‌జెల్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, జ్ఞాపకానికి, భాషకు సంబంధించిన కొన్ని భాగాల్లో బూడిదరంగు పదార్థం ఎక్కువగా కనిపించింది. అది అభ్యాసం వల్లనే వచ్చిందని ఒక్క పోలికతో నిర్ధారించలేం.

జ్ఞాపకం వేరు, గ్రహింపు వేరు. అర్థం తెలియకుండా వేదం వల్లించడాన్ని యాస్కుడు నిరుక్తంలోనే నిరసించాడు. బాల్యంలో నోటికి వచ్చిన పద్యమో, శ్లోకమో, కీర్తనో ఏళ్ళ తర్వాత ఒక కష్టంలో అర్థమిచ్చిన సందర్భాలు ఎన్నో జీవితాల్లో ఉంటాయి. కాబట్టి కంఠపాఠాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. వయసు వచ్చినప్పుడు అర్థాన్ని చెప్పే గురువు తోడుండాలి.

కౌమారం, సందేహం

మతబోధ నిజంగా పరీక్షకు నిలిచేది పన్నెండేళ్ళు దాటాక. జేమ్స్ ఫౌలర్ 350కి పైగా ఇంటర్వ్యూల ఆధారంగా 1981లో ‘స్టేజెస్ ఆఫ్ ఫెయిత్’లో విశ్వాసానికి ఆరు దశలు ప్రతిపాదించాడు. కథలను ఉన్నది ఉన్నట్టుగా తీసుకునే బాల్యదశ తర్వాత, తనవారి నమ్మకాలే తన నమ్మకాలుగా నడిచే దశ వస్తుంది. ఆపైన ఆ నమ్మకాలను ప్రశ్నించి సొంతంగా ఎంచుకునే దశ వస్తుంది, కొందరికి అది రాదు. సందేహం విశ్వాసానికి శత్రువు కాదనీ, ఎదుగుదలలో ఒక మలుపనీ ఈ నమూనా చెబుతుంది. అందరూ ఒకే నిచ్చెన ఎక్కుతారనడం, పైమెట్టును ఆధునిక పాశ్చాత్య ఆదర్శంతో నింపడం దీనిమీద వచ్చిన విమర్శలు.

ప్రశ్నలడిగే యువకుడి నోరు మూయిస్తే ఏమవుతుందో మరో పరిశోధన సూచిస్తుంది. 1993లో రిచర్డ్ రయన్, ఆయన సహచరులు విశ్వాసులను రెండు రకాలుగా చూశారు. తాము విలువైనదని ఎంచుకుని ఆచరించేవారు ఒక రకం, అపరాధభావంతో, ఇతరులు ఏమంటారోనన్న వెరపుతో ఆచరించేవారు మరో రకం. మొదటి తరహా ఆచరణకు మెరుగైన మానసిక ఆరోగ్యంతో, రెండోదానికి బలహీనమైన మానసిక ఆరోగ్యంతో సంబంధం కనిపించింది. క్రిస్టియన్ స్మిత్ నాయకత్వంలో మూడువేలకు పైగా అమెరికన్ యువతపై జరిగిన సర్వే 2005లో వెలువడింది. యువత మతజీవితంపై అన్నిటికన్నా బలమైన ప్రభావం తల్లిదండ్రులదేనని అది తేల్చింది. విదేశాల్లో తెలుగు కుటుంబాలు వారానికొకసారి పిల్లలను బాలవిహార్‌కో, చర్చికో, మసీదుకో తీసుకువెళ్ళి బాధ్యత తీరిందనుకుంటే, మిగతా ఆరు రోజులూ ఇంట్లో జరిగేదే అసలు బోధ అని ఈ ఫలితం గుర్తుచేస్తుంది.

మతం, పక్షపాతం

మతబోధ ఇతరులపట్ల ద్వేషాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా? గోర్డన్ ఆల్‌పోర్ట్, మైకేల్ రాస్ 1967లో ఇచ్చిన సమాధానం ప్రసిద్ధం. మతాన్ని హోదాకో, భద్రతకో సాధనంగా వాడుకునేవారిలో జాతిపక్షపాతం ఎక్కువగా ఉంది. మతాన్ని జీవిత లక్ష్యంగా తీసుకున్నవారిలో తక్కువగా ఉంది. ఆంతరంగికంగా మతాన్ని స్వీకరించినవారు మర్యాద కోసం అలా జవాబిస్తారేమోనని తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. అయినా మతం ఉందా లేదా అన్నదానికన్నా అది మనసులో ఏ చోట నిలిచిందన్నది ముఖ్యమనే అంశం నిలబడింది.

భారతదేశంలో

మతబోధ ద్వేషాన్ని పెంచుతుందేమోనన్న ఆందోళన భారతదేశంలో విధానాలనే తీర్చిదిద్దింది. 1937 నాటి వార్ధా విద్యాపథకంలో గాంధీజీ మతబోధను చేర్చలేదు; అప్పటి తీరులో అది ఐక్యతకు బదులు కలహానికి దారితీస్తుందని భయపడ్డారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ కమిషన్, రోజూ కొద్దినిమిషాల మౌనధ్యానాన్ని, మొదటి ఏడాది మతగురువుల జీవితాలను, తర్వాత గ్రంథాల ఎంపికలను, చివర మతతత్త్వ చర్చను సూచించింది. వ్యక్తి నుంచి భావానికి సాగే ఈ క్రమం మనస్తత్వశాస్త్రానికీ సమ్మతమే. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధను రాజ్యాంగం 28వ అధికరణం నిషేధిస్తుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే ఇతర సంస్థల్లో సైతం సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధకు హాజరుపరచకూడదు. మైనర్ల విషయంలో సంరక్షకుల సమ్మతి కావాలి. 1964–66 కొఠారీ కమిషన్ మతబోధను, మతాల గురించిన బోధను వేరుచేసి రెండోదాన్ని సమర్థించింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదవడం రాజ్యాంగ విరుద్ధం కాదంది.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మరింత ముందుకు వెళ్ళాడు. సిద్ధాంతాలతో, భయంతో మనసును మలచడం మతవిద్య కాదనీ, తనను తాను గమనించుకోవడమే నిజమైన ధార్మికత అనీ ఆయన బోధించాడు. రిషివ్యాలీ బడి ఆ ఆలోచనల నేపథ్యంలో ఎదిగింది. సంప్రదాయంలో ఊపిరి పీల్చే కుటుంబాలకు ఈ దారి ఆమోదయోగ్యం కాకపోవచ్చు. భయం గురించి ఆయన చెప్పినదాన్ని మాత్రం ఏ బోధకుడూ పక్కన పెట్టలేడు.

బోధకులకు అందేది

ఈ పరిశోధనలన్నిటి నుంచి ఒక క్రమం తేలుతుంది. ఏడేళ్ళలోపు పిల్లలకు కావలసింది ప్రేమ, పాట, పండుగ, అభయమిచ్చే కథ. పాపశిక్షల లెక్కలు ఆ వయసుకు తగవు. ఏడు నుంచి పన్నెండు వరకు కథలు, నియమాలు, కంఠపాఠం, సేవ బాగా పట్టుబడతాయి. కథకు ఇదే అర్థమని బిగించకుండా ప్రశ్నకు చోటుంచాలి. ఆ తర్వాత సంకేతార్థం, ఇతర మతాల పరిచయం, నిర్భయమైన చర్చ అవసరం. అన్ని వయసుల్లోనూ బోధించేవారి నడవడే మొదటి పాఠం. సర్కారు బడిలో లెక్కలు చెప్పే టీచరు పియాజేను, కోల్‌బర్గ్‌ను చదివి పరీక్ష రాసి వస్తారు. పిల్లల్లో భయాన్ని, భరోసాను అంతకన్నా లోతుగా తాకే మతబోధకులకు ఆ శిక్షణ ఇవ్వడం ప్రతి మతసంస్థా చేయగల పని.

మనస్తత్వశాస్త్రానికీ తన పరిమితులు తెలిసి ఉండాలి. దాని పరిశోధనల్లో ఎక్కువభాగం అమెరికా, యూరప్‌లలోని క్రైస్తవ, యూదు పిల్లలపై జరిగింది. అనేక దేవతలను ఒకే ఇంట్లో కొలిచే పిల్లల, దర్గాకూ గుడికీ రెండింటికీ వెళ్ళే పిల్లల మనసులను అది ఇంకా తగినంతగా చూడలేదు. ప్రార్థన ఆందోళనను తగ్గిస్తుందని అది చెప్పగలదు. ప్రార్థన వినేవాడున్నాడో లేడో చెప్పలేదు. మతాన్ని ఆరోగ్యానికి పనికొచ్చే సాధనంగా కుదిస్తే దాని కేంద్రంలో ఉన్న సత్యాన్వేషణ జారిపోతుంది. ఏమి బోధించాలన్నది సంప్రదాయమే నిర్ణయించుకోవాలి. ఆ బోధ పిల్లలను గాయపరచకుండా, వారి ఎదుగుదలకు అడ్డుపడకుండా చూడడంలో మనస్తత్వశాస్త్రం చెప్పే మాటను వినడం ఆ సంప్రదాయపు నైతిక బాధ్యత.